ముందు టోపీ లోపలి పట్టీ తిప్పి చూడండి

ప్రశ్న: టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. హెచ్-1బి మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఏడాదిన్నర క్రితం కాంటన్ సంతలో 20 డాలర్లకు స్టెట్సన్ కంపెనీ ఓపెన్ రోడ్ మోడల్ పాత టోపీ ఒకటి కొన్నాను. అప్పటినుంచి కొంటూనే ఉన్నాను. ఇప్పుడు 41 టోపీలు, 9 పాత కోట్లు, కొన్ని లీవైస్ ప్యాంట్లు అయ్యాయి. పోయిన నెల మా ఆవిడ పెళ్లి పట్టుచీరకు చిల్లులు పడ్డాయి. ఆ టోపీల వల్లే అని తను, కాదని నేను. ఇంట్లో ఒకటే టెన్షన్. వీటిని ఆన్‌లైన్‌లో అమ్మి కాస్త పక్క ఆదాయం చేసుకోవచ్చా? ఏది ఎంత పాతదో, ఎంత ధర పెట్టాలో ఎలా తెలుస్తుంది? రాజమండ్రిలో మా తాతగారి బెండు టోపీ ఒకటి అటక మీద ఉంది. దానికి ఇక్కడ మంచి ధర వస్తుందా?

సమాధానం:

మీ ఆవిడ చెప్పిందే నిజం. మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి ముందు ఆ సంగతి చూద్దాం. ధరలు, అమ్మకాలు ఒక నెల ఆగుతాయి. పురుగు ఆగదు.

బట్టలు తినే చిమ్మట బియ్యపు గింజంత ఉంటుంది. లేత బంగారు రంగు. దీపం చుట్టూ తిరిగే రకం కాదు. వెలుతురు తగిలితే మడతల్లోకి పరిగెడుతుంది. ఎగిరే పురుగు బట్టను తినదు, గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లలోంచి వచ్చే పిల్లపురుగే తినేది. దానికి కావలసింది ఉన్ని, బొచ్చు, ఈకలు, పట్టు. మంచి ఫెల్ట్ టోపీ అంటే కుందేలు బొచ్చో, బీవర్ బొచ్చో ఒత్తి చేసింది. ఇక పట్టుచీర సంగతి చెప్పక్కర్లేదు. చెమట, కూర మరక ఉన్నచోట ఇంకా ఇష్టంగా తింటుంది. పెళ్లిచీర కొంగు మీద ఆ రెండూ ఎంతో కొంత ఉంటాయి.

ఈ శనివారం క్లోజెట్ మొత్తం ఖాళీ చేయండి. కార్పెట్ అంచుల వెంట, అరల మూలల్లో వాక్యూమ్ పెట్టి, ఆ సంచిని వెంటనే ఇంటి బయట పారేయండి. ఒక్కో టోపీ రిబ్బన్ కింద టార్చి వేసి చూడండి. సన్నటి ఇసుకలాంటి రెట్ట, దూదిపోగులాంటి చిన్న గూడు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టండి. అలాంటి టోపీలను రెండేసి ప్లాస్టిక్ కవర్లలో గాలి తీసి కట్టి, మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీయగానే కవర్ విప్పవద్దు. ఒక రోజంతా గది వేడికి రానివ్వండి. లేకపోతే చల్లటి ఫెల్ట్ మీద చెమ్మ పట్టి మరక పడుతుంది. ఫ్రీజర్‌లో 41 ఒకేసారి పట్టవు కాబట్టి మిగతావాటిని వేటికవి విడిగా కవర్లలో మూసి, వంతులవారీగా పెట్టండి. మన ఇళ్లలో అలవాటైన కలరా ఉండలు మాత్రం వద్దు. ఆ వాసన ఫెల్ట్‌కు పట్టిందంటే ఏళ్ల తరబడి వదలదు. మూసిన గదిలో రోజూ పీల్చడం ఆరోగ్యానికీ మంచిది కాదు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. నేను న్యూజెర్సీలో, ఫిలడెల్ఫియాకు నది ఇవతల ఉంటాను. 22 ఏళ్లుగా పాత టోపీలు, మగవాళ్ల పాత బట్టలు కొంటూ అమ్ముతూ ఉన్నాను. మొదట్లో ఒక హాంబర్గ్ టోపీ తెచ్చి, పరీక్ష చేయకుండా మిగతావాటి పక్కన పెట్టాను. చలికాలం దాటేసరికి 12 టోపీలు పాడయ్యాయి. అందులో రెండు మళ్లీ దొరకనివి. ఆనాటినుంచి ఇంటికొచ్చిన ఏ టోపీ అయినా, ఏ ఉన్ని కోటు అయినా ముందు ఫ్రీజర్‌లోకి వెళ్లాల్సిందే.

ఆ చీరను ఇండియా వెళ్లినప్పుడు రఫూ చేయించండి. హైదరాబాద్‌లో పట్టు మీద కూడా దారం దారం కలిపి కుట్టే పనివాళ్లు ఉన్నారు. ఆ ఖర్చు టోపీల లెక్కలో రాయండి. అంతకంటే ముందు ఆవిడతో "నువ్వన్నదే నిజం" అని చెప్పండి. ఇకమీదట టోపీలు, పట్టుచీరలు ఒకే గదిలో ఉండకూడదు.

ఇక అమ్మడం గురించి. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే చెప్పాలి. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు తమను స్పాన్సర్ చేసిన కంపెనీకి మాత్రమే పనిచేయాలి. సొంత వ్యాపారం కూడా పని కిందికే వస్తుంది. అమ్మడానికే కొని, శుభ్రం చేసి, ఫోటోలు తీసి, లాభానికి అమ్మడం వ్యాపారం. నెలకు వచ్చేది 200 డాలర్లే కదా, దాని మీద టాక్స్ కూడా కడుతున్నాను కదా అంటే కుదరదు. టాక్స్ కట్టినంత మాత్రాన ఇమిగ్రేషన్ నిబంధన మారదు. రేపు గ్రీన్‌కార్డు దగ్గర ఇదే ప్రశ్న ఎదురైతే ఏ టోపీ ధరా ఆ నష్టాన్ని పూడ్చలేదు. మీరు వాడుకున్న సొంత వస్తువు ఒకటీ అరా అమ్ముకోవడం వేరు, అమ్మకానికని సరుకు పోగేయడం వేరు. ఆ గీత మీ విషయంలో ఎక్కడుందో ఇమిగ్రేషన్ లాయర్‌కు ఫీజు ఇచ్చి అడగండి. వాట్సాప్ గ్రూపులో అడగవద్దు.

గ్రీన్‌కార్డు కోసం మీ కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు ఆమోదం పొంది, మీ ఆవిడకు హెచ్-4 ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి, ఉంటే ఆవిడ తన పేరుతో వ్యాపారం చేయవచ్చు. 2015 నుంచి ఆ వీలు ఉంది. అయితే పేరు ఆవిడది, రోజువారీ పని మీది అయితే మళ్లీ మొదటికే వస్తుంది. అది కూడా లాయర్‌నే అడగండి. పైగా ఈ పని చేయాలని ఆవిడకు ఉండాలి కదా. మీ ఉత్తరాన్ని బట్టి ఇప్పుడైతే ఉన్నట్టు లేదు.

సేకరించుకోవడానికి ఏ అడ్డూ లేదు. కాబట్టి ఒక ఆరు నెలలు కొనడం ఆపి, ఉన్నవాటిని చదవడం నేర్చుకోండి. నా దృష్టిలో ఇదే అసలు విద్య. 41 టోపీలు కొన్నారు, ఒక్కదాని వయసు చెప్పలేకపోతున్నారంటే కొనడం చదవడాన్ని దాటి చాలా దూరం వెళ్లిపోయింది.

పగటి వెలుతురు పడే బల్ల, చిన్న టార్చి, టేపు, నోట్‌బుక్ పెట్టుకోండి. టోపీని వెల్లకిలా పెట్టండి. దాని బరువు ఎప్పుడూ పైభాగం మీదే ఉండాలి, అంచు మీద పడితే వంపు పోతుంది. లోపల తల చుట్టూ తోలు పట్టీ ఉంటుంది, స్వెట్‌బ్యాండ్ అంటారు. రెండు బొటనవేళ్లతో మెల్లగా దాన్ని బయటికి తిప్పండి. తోలు ఎండిపోయి చిటపటమంటే అక్కడితో ఆపండి, బలవంతం చేస్తే కుట్టు వెంట చిరుగుతుంది. మెత్తగా తిరిగితే ఆ వెనక ఉన్నదంతా చదవాల్సిందే. సైజు చీటీ, కార్మిక సంఘం వేసే యూనియన్ లేబుల్, ఏదైనా నంబర్ ముద్ర, ఒక్కోసారి మనిషి జాడ.

నా మొదటి ఏడాదిలో ఫిలడెల్ఫియా శివార్లలో ఒక ఇంట్లో ఎస్టేట్ సేల్, అంటే ఇంటి సామానంతా అమ్మేయడం, జరిగితే, బూడిదరంగు స్టెట్సన్ విప్పెట్ టోపీ ఒకటి 35 డాలర్లకు కొన్నాను. ఇంటికొచ్చి పట్టీ తిప్పితే వేలెడు వెడల్పున మడిచిన వార్తాపత్రిక ముక్క ఉంది. టోపీ వదులైతే ఆ రోజుల్లో అలా కాగితం మడిచి దోపేవాళ్లు. మడతల లోపల కాగితం ఇంకా తెల్లగానే ఉంది, తలకు తగిలిన వైపు చెమటకు టీ డికాషన్ రంగు తిరిగింది. విప్పి చూస్తే బేస్‌బాల్ వార్త, యాంకీస్‌కూ డాడ్జర్స్‌కూ జరిగిన ఆట, 1953 అక్టోబర్. అంటే ఆ నాటికి ఆ టోపీ ఒకాయన తల మీద ఉంది. అంతవరకే చెప్పగలం. కొత్తగా కొన్నప్పుడు పెట్టాడో, తండ్రి టోపీ తనకు పెద్దదై పెట్టుకున్నాడో తెలియదు. తర్వాత దాన్ని అమ్మినప్పుడు ఆ కాగితాన్ని దాని చోటే ఉంచి, ఫోటో తీసి చూపించాను. కొన్నాయన ముందు అడిగింది ఆ కాగితం గురించే. మీ టోపీల్లో ఇలాంటివి, పేర్లున్న కార్డులు, బంగారు రంగులో వేసిన పొడి అక్షరాలు ఏమున్నా తీసేయకండి. శుభ్రం చేయడమంటే అవి తుడిచేయడం కాదు.

సైజు చీటీ పక్కన యూనియన్ లేబుల్ ఉంటే దాని మీద సంఘం పేరు చదవండి. యునైటెడ్ హ్యాటర్స్, క్యాప్ అండ్ మిల్లినరీ వర్కర్స్ అన్న పేరు ఉంటే ఆ టోపీ 1934కి ముందుది కాదు. రెండు సంఘాలు కలిసి ఆ పేరు పెట్టుకున్నది ఆ ఏడాదే. టోపీ పెట్టె మీదో, షాపు చీటీ మీదో చిరునామాలో ఐదంకెల జిప్ కోడ్ ఉంటే ఆ పెట్టె 1963 తర్వాతది. బార్‌కోడ్ ఉంటే ఇంకా తర్వాతది, 1974లో గాని దుకాణాల్లో దాని వాడకం మొదలవలేదు. స్వెట్‌బ్యాండ్ మీద ఊరి పేరుతో సహా దుకాణం పేరు కొట్టి ఉంటే ఆ ఊరి లైబ్రరీకి ఒక ఈమెయిల్ రాయండి. ఆ దుకాణం ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూశారు అన్నది పాత సిటీ డైరెక్టరీల్లో చూసి చెప్పే లైబ్రేరియన్లు ఇప్పటికీ ఉన్నారు. నాకు ఎన్నోసార్లు సాయం చేశారు.

కంపెనీ పేరును, మోడల్ పేరును చూసి మాత్రం వయసు కట్టకండి. జాన్ బి. స్టెట్సన్ 1865లో ఫిలడెల్ఫియాలో కంపెనీ పెట్టాడు. అక్కడి ఫ్యాక్టరీ 1971లో మూతపడింది. ఆ తర్వాత కొంతకాలానికి ఆ పేరుతో టోపీలు మీకు అరగంట దూరంలోని గార్లండ్‌లో తయారవుతూ వచ్చాయి. మీరు మొదట కొన్న ఓపెన్ రోడ్ మోడల్ ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పెట్టుకున్న టోపీగా పేరు పొందింది. ఇప్పటికీ ఆ పేరుతో చేస్తున్నారు. కాబట్టి మీది 1950ల నాటిదీ కావచ్చు, 1990ల నాటిదీ కావచ్చు. అలాగే ఫెల్ట్ నాణ్యత చెప్పడానికి 3ఎక్స్, 5ఎక్స్ అని వేసే గుర్తులకు ప్రభుత్వ ప్రమాణం ఏదీ లేదు. కంపెనీని బట్టి, కాలాన్ని బట్టి వాటి అర్థం మారింది. 1950ల నాటి 3ఎక్స్ ఫెల్ట్‌ను, నిన్న మొన్నటి 3ఎక్స్ ఫెల్ట్‌ను కళ్లు మూసుకుని తడిమి చూడండి, వేళ్లకే తెలిసిపోతుంది. పాతది పలచగా ఉన్నా గట్టిగా, జారుడుగా ఉంటుంది. గొర్రె ఉన్ని ఫెల్ట్ అయితే దుప్పటి ముక్కలా గరగరలాడుతుంది.

ఒక జాగ్రత్త. అతుకుల టోపీలు తిరుగుతున్నాయి. ఒక అమ్మకందారు దగ్గర "1940ల బోర్సాలినో" (ఇటలీలో పేరున్న టోపీల కంపెనీ) అన్న మాట నమ్మి, అప్పట్లో నాకు పెద్ద మొత్తమైన 240 డాలర్లు పెట్టాను. నెల తర్వాత పట్టీ తిప్పి టార్చి వేస్తే కుట్టు పక్కనే ఇంకో వరస ఖాళీ చిల్లులు కనిపించాయి. అసలు పట్టీ పీకేసి, పేరున్న ఇంకో టోపీ పట్టీ తెచ్చి కుట్టారు. ఫెల్ట్ ఎక్కడిదో ఎవరికీ తెలియదు. అప్పటినుంచి కొనేముందు నేను చూసేది ఆ కుట్టు చిల్లులే. రెండు వరసలుంటే అడుగుతాను. జవాబు సరిగ్గా లేకపోతే టోపీ అక్కడే పెట్టేస్తాను.

1942కి ముందువి అనిపించిన టోపీలను వేరే పెట్టండి. అప్పట్లో బొచ్చు ఫెల్ట్‌గా అతుక్కోవడానికి పాదరసం కలిసిన ద్రావణంతో తోమేవాళ్లు. కనెక్టికట్‌లోని డాన్‌బరీ టోపీల ఊరు. అక్కడి కార్మికులకు పాదరసం ఎక్కి చేతులు వణికేవి. ఆ జబ్బుకు డాన్‌బరీ వణుకు అనే పేరే పడింది. అమెరికా ప్రజారోగ్య శాఖ 1941 డిసెంబర్ 1 నుంచి ఫెల్ట్ తయారీలో పాదరసం వాడకాన్ని ఆపించింది. అంతకుముందు చేసిన టోపీల్లో అది ఇంకా మిగిలి ఉండవచ్చు. చేతితో ఒకసారి తాకితే ఏమీ కాదు గానీ వాటికి వంటింట్లో కెటిల్ ఆవిరి పట్టకండి, పిల్లల తల మీద పెట్టి ఫోటోలు తీయకండి, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి. అమ్మేటప్పుడు కొనేవారికి ఈ సంగతి చెప్పండి. నేను ప్రతిసారీ రాసి పంపుతాను. అది చదివి కొనడం మానుకున్నవాళ్లు నాకు ఒకరిద్దరే తగిలారు.

కోట్ల విషయం ఇంత కష్టం కాదు. లోపలి జేబులో చేయి పెట్టి యూనియన్ లేబుల్ కోసం వెతకండి. అమల్గమేటెడ్ క్లోతింగ్ వర్కర్స్ ఆఫ్ అమెరికా అని ఉంటుంది. దాని మీద సన్నటి అక్షరాల్లో 1939 అనో, 1949 అనో, 1962 అనో ఏడాది ఉంటుంది. అది కోటు కుట్టిన ఏడాది కాదు, ఆ లేబుల్ నమూనా మొదలైన ఏడాది. 1949 లేబుల్ ఉన్న కోటు 1960లో కుట్టిందీ కావచ్చు. 1962 నాటి లేబుల్ 1976 దాకా నడిచింది. ఇది తెలియక "1949 కోటు" అని రాసి అమ్మేవాళ్లు చాలామంది. దర్జీతో కుట్టించుకున్న సూట్ అయితే అదే జేబులో ఒక చీటీ మీద మనిషి పేరు, తేదీ చేత్తో రాసి దొరుకుతాయి. ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. ఎలా ఉతకాలో చెప్పే లేబుల్ కుట్టి ఉంటే ఆ బట్ట చాలావరకు 1972 తర్వాతదే, ఆ నిబంధన అప్పుడే అమల్లోకి వచ్చింది.

లీవైస్ ప్యాంట్ల ఎర్ర ట్యాబ్ మీద పేరులో 'ఈ' అక్షరం క్యాపిటల్‌లో ఉంటే 1971కి ముందుది అంటారు. నిజమే. కానీ పాత మోడళ్లను కంపెనీయే మళ్లీ చేసినప్పుడు ఆ క్యాపిటల్ అక్షరమే వేసింది. కాబట్టి ఒక్క ట్యాబ్ చూసి పొంగిపోకండి.

టోపీ రిబ్బన్‌లో ఈక ఉంటే ఆగి ఆలోచించండి. కోడి, టర్కీ, ఫెజంట్, గిన్నెకోడి ఈకలైతే ఇబ్బంది లేదు. ఎక్కువ టోపీల్లో ఉండేవి అవే. గద్ద, డేగ, కొంగ, ఇంకా చాలా అడవి పక్షుల ఈకలను అమ్మడం అమెరికాలో నేరం. 1918 నాటి వలస పక్షుల చట్టం అది. టోపీ పాతదైనా మినహాయింపు రాదు. ఏ ఈకో తేల్చుకోలేకపోతే అమ్మకండి.

ధర గురించి అడిగారు. ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన ధరలు చూసి లెక్క వేసుకోకండి. 400 డాలర్లు పెట్టి మూడేళ్లుగా అమ్ముడుపోని టోపీలు వందల్లో ఉన్నాయి. ఈబేలో అమ్ముడుపోయినవి మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది. అదే మోడల్, అదే సైజు, అదే స్థితి ఉన్నవి నాలుగైదు చూసి, వాటి మధ్య ధర తీసుకోండి. సైజు చాలా ముఖ్యం. పాత టోపీల్లో చిన్న సైజులు ఎక్కువ మిగిలాయి, నేటి తలలు వాటిలో పట్టవు. అమెరికా సైజు 7 అంటే దాదాపు 56 సెంటీమీటర్లు, ఆపైన ఒక్కో ఎనిమిదో వంతుకు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది. 59, 60 సెంటీమీటర్ల టోపీ అదే స్థితిలో ఉన్న 55 టోపీ కంటే త్వరగా అమ్ముడుపోతుంది, మంచి ధర పలుకుతుంది. చీటీ మీద అంకెను నమ్మకుండా లోపల టేపు పెట్టి కొలవండి. తోలు ఏళ్లు గడిచేకొద్దీ బిగుస్తుంది. టెక్సాస్ ఎండలో కారులో వదిలేస్తే ఒక్క మధ్యాహ్నంలోనే బిగుసుకుపోతుంది. మీ టోపీలేవైనా కారు వెనక సీట్లో ఉంటే ఇప్పుడే లోపలికి తెచ్చుకోండి.

లాభం లెక్కలో ఈబే తీసుకునే 13, 14 శాతం మరిచిపోకండి. అది షిప్పింగ్ చార్జీ కలిపిన మొత్తం మీద పడుతుంది. పెట్టె ఒక ఘనపుటడుగు, అంటే 1,728 ఘనపుటంగుళాలు దాటితే పోస్టాఫీసు అసలు బరువు బదులు పెట్టె పరిమాణాన్ని బట్టి డబ్బు వసూలు చేయవచ్చు. 16, 14, 8 అంగుళాల పెట్టె దాటేస్తుంది, 15, 13, 7 అయితే దాటదు. రేపు మీ ఆవిడ పేరుతోనో, మీకు గ్రీన్‌కార్డు వచ్చాకో వ్యాపారం మొదలైతే రాష్ట్ర పన్నులు చూసే టెక్సాస్ కంప్ట్రోలర్ దగ్గర సేల్స్ టాక్స్ పర్మిట్ తీసుకోవాలి. దానికి ఫీజు లేదు. ఆన్‌లైన్ అమ్మకాల మీద పన్ను ఈబే లాంటి సైట్లే వసూలు చేసి కడతాయి. కాంటన్‌లో స్టాల్ పెడితే మాత్రం మీరే వసూలు చేసి కట్టాలి.

మన భాషలో టోపీ పెట్టడం అంటే మోసం చేయడం. ఈ వ్యాపారంలో ఆ మాట పడకుండా ఉండాలంటే ఒకటే దారి. లోపాన్ని మొదటి ఫోటోలోనే చూపించాలి. చిమ్మట కొరికిన గుంట పక్కన ఒక పెన్నీ నాణెం పెట్టి ఫోటో తీయండి, కొనేవారికి దాని సైజు అర్థమవుతుంది. స్వెట్‌బ్యాండ్ చిరిగితే ఎన్ని అంగుళాలో రాయండి. రిబ్బన్ ఎండకు వెలిసిన వైపు, వెలవని వైపు రెండూ చూపండి. వాసన ఉంటే ఉందని రాయండి. ఏ దశాబ్దానిదో ఖాయంగా తెలియకపోతే, మీకు దొరికిన ఆధారం మాత్రం రాసి ఊరుకోండి. ఇలా రాస్తే ధర తగ్గుతుందని మొదట్లో భయపడ్డాను. తగ్గింది కూడా. కానీ తిరిగొచ్చే పార్సిళ్లు ఆగిపోయాయి, ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ నా దగ్గరికే వచ్చారు. ఇప్పుడు నా టోపీల్లో సగానికి పైగా పాత ఖాతాదారులకే వెళ్తాయి.

ఈ ఆరు నెలల్లో కాంటన్ వెళ్లడం మాత్రం మానకండి. నెల మొదటి సోమవారానికి ముందు గురువారం నుంచి ఆదివారం దాకా ఎలాగూ జరుగుతుంది. క్రెడిట్ కార్డు ఇంట్లో పెట్టి, టార్చి పట్టుకుని వెళ్లండి. అనుమతి అడిగి, పట్టీ తిప్పి చూసి, నోట్‌బుక్‌లో మీ అంచనా రాసుకుని, ఆ తర్వాత అది ఎప్పటిదో అమ్మేవారిని అడగండి. గురువారం పొద్దున మంచి సరుకు ఉంటుంది, ఆదివారం మధ్యాహ్నం బేరం కుదురుతుంది. మీ అంచనా వరసగా పదిసార్లు సరిపోయిన రోజున ఒక టోపీ కొనుక్కోండి. ఈలోగా 41లో మీ తలకు పట్టేవి, మీరు నిజంగా పెట్టుకునేవి వేరు చేయండి. 12 మించవని నా అంచనా.

చివరిగా మీ తాతగారి బెండు టోపీ. ఇంగ్లీషువాళ్లు దీన్ని సోలా టోపీ అన్నారు. సోలా అంటే ఆ బెండు ఇచ్చే నీటి మొక్క పేరు, ఎండకు సంబంధించిన 'సోలార్' అనే ఇంగ్లీషు మాట కాదు. బెండు తేలిక, ఎండ వేడిని లోపలికి రానివ్వదు. అందుకే తెల్లదొరలతో పాటు మన దేశపు ఉద్యోగులు కూడా ఎంతోమంది పెట్టుకున్నారు. ఇలాంటివి చాలా తయారయ్యాయి కాబట్టి, ఎవరిదో తెలియని బెండు టోపీకి అమెరికాలో పెద్ద ధర రాదు. మంచి స్థితిలో ఉన్నవి నేను 40, 50 డాలర్లకు అమ్మాను. మీ టోపీ ఎవరిదో మీకు తెలుసు. దాన్ని అమ్మకండి.

ఈసారి రాజమండ్రి వెళ్లినప్పుడు అటక మీంచి మీరే రెండు చేతులతో దించండి. బెండు పెళుసు, అంచు పట్టుకుని లాగితే విరుగుతుంది. దుమ్ము మెత్తటి కుంచెతో దులపండి, తడి గుడ్డ తగలనివ్వకండి, చెమ్మకు బెండు ఉబ్బుతుంది. లోపల తయారీదారు ముద్ర, ఊరి పేరు ఉన్నాయేమో చూసి ఫోటో తీయండి. పాత నూలు పంచె ముక్కలో వదులుగా చుట్టి, గాలి తగిలే చోట పెట్టండి. తాతగారిని ఆ టోపీలో చూసినవాళ్లు ఇంట్లో ఇంకా ఎవరున్నారో వాళ్ల పక్కన కూర్చుని అడగండి. ఏ ఉద్యోగం చేసేవారు, ఏ ఊరి ఎండలో తిరిగేవారు, ఇంటికి రాగానే ఏ మేకుకు తగిలించేవారు. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, మడిచి ఆ టోపీ పట్టీ వెనక పెట్టండి.